కొండదారిలో ఆపని బండి

మా ఆయన ఇరవై రెండేళ్లు మిలటరీలో లారీ నడిపారు. రిటైరై కంకిపాడు వచ్చేశాక నేను ఇంటి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకున్నాను. జాకెట్లు ఇవ్వడానికి వచ్చిన ప్రతి మనిషీ, "మీ ఆయన ఒక్క దెబ్బ తగలకుండా తిరిగొచ్చారు, అదృష్టవంతులు" అనేది. నేనూ అలాగే అనుకునేదాన్ని.

ఒక్క సంగతి మాత్రం అర్థమయ్యేది కాదు. మా చర్చిలో నెలకోసారి ప్రభువు బల్ల ఇస్తారు, యేసు పేరున రొట్టె, ద్రాక్షరసం. మనసులో దోషం పెట్టుకుని దాన్ని ముట్టకూడదంటారు. అప్పటిదాకా గొంతెత్తి పాటలు పాడిన మనిషి, రొట్టె పళ్లెం రాగానే లేచి బయటికి వెళ్లిపోయేవారు. అడిగితే స్కూటరుకు తాళం వేశానో లేదో చూసొచ్చాననేవారు. నాలుగేళ్లు అదే తాళం. నిద్ర లేదు, అన్నం సహించదు. బీపీ మాత్రలు రాసే డాక్టరుగారే చివరికి, "ఈయనకి మందులతో పని కాదమ్మా, కూర్చుని మాట్లాడాలి" అని విజయవాడలో ఒక సైకాలజిస్టు చిరునామా రాసిచ్చారు.

పిచ్చి డాక్టరు దగ్గరికి రానన్నారు. నేను వాదించలేదు. వన్ టౌన్లో లైనింగు గుడ్డ కొనాలి, మూట మోయడానికి రండని బస్సెక్కించాను. గుడ్డ కొన్నాక ఆటోని ఆ చిరునామాకి పోనిమ్మన్నాను. మెట్ల దగ్గర బోర్డు చదివి నా వంక చూశారు.

"మోసం చేశావే."

"చేశానండీ. పైకి రండి."

మూట భుజాన ఉండగానే మెట్లెక్కారు.

సైకాలజిస్టు ముప్పై దాటని అమ్మాయి. మూడు వారాలు ఆయన ఎండల గురించి, బస్సుల గురించి తప్ప మాట్లాడలేదట. ఆ అమ్మాయి తొందరపెట్టలేదు. నాలుగో వారం బయట బెంచీ మీదున్న నన్ను లోపలికి పిలిచింది. "మీరు కూడా వినాలంటున్నారండీ" అంది.

ఆయన నేల చూస్తూ చెప్పారు. సరిహద్దులో ఒక కొండదారి. పైనుంచి కాల్పులు. లారీలో వెనక ఇరవై మంది జవాన్లు. ఎక్కడా ఆపొద్దని ఆర్డరు. ఒక మలుపులో ముసలాయన, పక్కనే మంచం మీద దెబ్బ తగిలిన ఆడమనిషి.

"రెండు చేతులూ ఎత్తి రోడ్డు మీదకి వచ్చాడు. హారన్ కొట్టాను. తప్పుకున్నాడు. అద్దంలో చూస్తే ఇంకా చేతులు దించలేదు. గేరు మార్చి వెళ్లిపోయాను. మర్నాడు అదే దారిన వచ్చాను. మంచం ఉంది, మనుషులు లేరు."

నేను ఉండబట్టలేక, "ఆర్డరు కదండీ, మీ తప్పేముంది?" అన్నాను. ఆయన నోరు మూసుకున్నారు. ఆ రోజుకి మళ్లీ విప్పలేదు.

తర్వాత ఆ అమ్మాయి నన్ను విడిగా కూర్చోబెట్టింది. "అది ఆర్డరని ఆయనకి తెలీదా అండీ? భయపడిన మనిషికైతే ధైర్యం చెప్పొచ్చు. ఈయన మనస్సాక్షికి దెబ్బ తగిలింది. తప్పే లేదని మీరంటే, ఆ ముసలాయన ప్రాణానికి విలువే లేదన్నట్టు ఆయనకి వినిపిస్తుంది. తీర్పు చెప్పకుండా వినండి, చాలు."

నాకు అది నేర్చుకోవడం చాలా కష్టమైంది. ఆయన మిషను పక్కకి వచ్చి కూర్చుంటే తొక్కడం ఆపేసి వినేదాన్ని. చెప్పిందే చెప్పేవారు. నాలుక చివరిదాకా వచ్చిన ఓదార్పు మింగేసేదాన్ని.

ఒక వారం ఆ అమ్మాయి ఎదురుగా ఖాళీ కుర్చీ వేసి, అందులో ముసలాయన ఉన్నాడనుకుని మాట్లాడమంది. మా ఆయన హిందీలో మొదలుపెట్టారు. "తెలుగు ఆయనకి రాదు కదమ్మా" అన్నారు. నాకు సగమే అర్థమైంది. చేతులు జోడించడం మాత్రం చూశాను. తర్వాత ఆ అమ్మాయి, "మీరు చెబుతుంటారే, మీకు లారీ నేర్పిన ఉస్తాదు, ఆయన ఇదంతా వింటే ఏమంటారు సార్?" అని అడిగింది. ఆయన ఖాళీ కుర్చీ వంక చూశారు.

"ఆపలేదు, అది నిజం. ఇరవై మందిని ప్రాణాలతో దించావు, అదీ నిజం. రెండూ మొయ్యాలిరా, అంటాడు."

అని, భుజాలు కదిలిపోయేలా ఏడ్చారు. పెళ్లయ్యాక ఆయన ఏడవడం చూడటం నాకదే మొదలు.

ఆ పై నెల రొట్టె పళ్లెం మగవాళ్ల వరసలోకి వెళ్లినప్పుడు ఆయన లేవలేదు. అటే చూస్తూ ఆడవాళ్ల వరసలో నా ముందుకొచ్చిన పళ్లెం సంగతి మర్చిపోతే, పక్కావిడ మోచేత్తో పొడిచింది.

జబ్బు పూర్తిగా పోయిందని చెప్పను. ముసలాయన ఇప్పటికీ గుర్తొస్తాడు. గుర్తొచ్చాడని ఆయన నాతో చెప్తారు.

మొన్నామధ్య విజయవాడలో మాజీ సైనికుల సభకి పిలిచారు. అందరికీ శాలువాలు కప్పి రెండు మాటలు చెప్పమన్నారు. ముందు మాట్లాడినవాళ్లంతా గెలుపులు చెప్పారు. మా ఆయన మైకు తీసుకుని ఆ కొండదారి గురించి చెప్పారు. కౌన్సెలింగుకి వెళ్తున్న సంగతి కూడా దాచలేదు. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తోచలేదు. ఆడవాళ్లు తిరిగి నా వంక చూశారు. నేను తల దించుకోలేదు. యూనిఫారంలో ఉన్నప్పుడు కూడా ఆయన్ని చూసి నేనంత గర్వపడలేదు.

భోజనాల దగ్గర చల్లపల్లి నుంచి వచ్చిన ఒక హవల్దారు పళ్లెం పట్టుకుని ఆయన పక్కన నిలబడ్డారు. కాసేపటికి మెల్లిగా అడిగారు.

"ఆ మేడమ్ ఏ రోజుల్లో చూస్తారండీ?"

"మంగళవారం. బస్టాండులో దిగి అక్కడే ఉండండి. నేనొచ్చి తీసుకెళ్తాను" అన్నారు మా ఆయన.