ఏడు చుట్లు, ఇరవై రెండు చుట్లు

సక్కుబాయికి కోపం వస్తే సాలెవాడలో కుక్కలు కూడా గోడవారకు జరిగేవని చెప్పుకునేవారు. పెంచి చెప్పిన మాటే అయినా పూర్తిగా అబద్ధం కాదు. కానీ పంతొమ్మిది వందల అరవై ఐదులో ఆమెకు ఒక సర్కారు కాగితం మీద వచ్చిన కోపం ముందు మిగతావన్నీ దిగదుడుపే. ఆ కోపం ఎంత న్యాయమైనదో చెప్పేవాళ్లు ఇప్పుడు లేరు. అందుకే నేను చెబుతున్నాను.

కరీంనగర్‌కు ఒక పూట బండి ప్రయాణంలో, మానేరు ఒడ్డున ఉన్న ఊరు అది. అక్కడి సాలెవాడ వీధిని తాతల నాడే తాడు పట్టినట్టు సూటిగా వేశారు. నేతగాళ్లకు వీధి కూడా ఒక పనిముట్టే మరి. పొద్దున్నే పడుగు దారాలను వీధి వెంట ఒక వారగా పొడుగ్గా చాపి, కర్రల మీద నిలిపి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. అప్పుడు గానీ అవి మగ్గం ఎక్కవు. సక్కుబాయి భర్త అంబదాస్ ఆ దువ్వడంలో దిట్ట. కుంచె పట్టుకుని వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ దువ్వుతుంటే దారం దారానికి అంటుకునేది కాదు.

అంబదాస్‌కు చెవులు వినపడవు. వయసులో ఉండగా పొట్ట చేతపట్టుకుని షోలాపూర్ పోయి పదహారేళ్లు మిల్లుల్లో పనిచేశాడు. ఆ మరమగ్గాల రొద అతని చెవులను తినేసింది. ఊరికి తిరిగి వచ్చాక వీధిలో నెమ్మదిగా బతికేవాడే, ఇసుక లారీలు రాకపోతే.

పెద్దబాట చుట్టు అవుతుందని లారీలు సాలెవాడలో దూరడం మొదలుపెట్టాయి. సక్కుబాయి అరుగు మీద కూర్చుని రాట్నం మీద కండెలు చుట్టేది. వీధి మొగలో లారీ కనపడిన దగ్గర్నుంచి తన గడప దాటేదాకా రాట్నం ఏడు చుట్లు తిరిగేది. ఏడంటే ఏడే. ఆ ఏడు చుట్లలో, వీపు తిప్పుకుని దారాలు దువ్వుకునే చెవిటి మనిషిని పక్కకు జరపాలి.

ఆమె నాలుగు పోగులు కలిపి నూలుతాడు పేనింది. ఒక కొస అంబదాస్ నడుముకు కట్టింది. రెండో కొస తన కాలి బొటనవేలికి కట్టుకుంది, చేతులకు పని ఉంటుంది కాబట్టి. కాలితో ఒకసారి గుంజితే లారీ వస్తోందని. అతను పడుగు కింది నుంచి దూరి గోడవారకు వచ్చేవాడు. రెండుసార్లు గుంజితే పోయిందని, ఇక నడవమని.

"లేగదూడను కట్టేసినట్టు కట్టేస్తివి గదనే నన్ను!" అని అంబదాస్ అరిచేవాడు. తన మాట తనకే వినపడదు కాబట్టి వీధి వీధంతా వినేది. నలుగురూ నవ్వేవారు. ఆ నవ్వు అతనికి వినపడకపోయినా కనపడేది.

ఒకరోజు గంజి పొంగుతోందని సక్కుబాయి తాడు విప్పి పొయ్యి దగ్గరకు పోయింది. పోయిందీ వచ్చిందీ అంతే. బయట లారీ అంచు తగిలి అంబదాస్ కుడిచెయ్యి విరిగింది. డ్రైవర్ పోశం పక్కవాడ నేతగాని కొడుకు. నూలు దొరక్క మగ్గం మూలపడితే లారీ ఎక్కాడు. "హారన్ కొట్టిన పెద్దబాపూ, మస్తు కొట్టిన," అని కాళ్ల మీద పడి ఏడ్చాడు.

ఠాణాకు పోదామని వాడకట్టంతా లేచింది. అంబదాస్ అడ్డుపడ్డాడు. "వద్దు. సాలోల్ల పిలగాడు. వాని బువ్వల మన్ను పోస్తమా?" అన్నాడు. బొక్కలు కట్టేవాడితో వెదురుబద్దలు వేయించుకుని మూడు నెలలు పడుకున్నాడు. కేసు లేదు, కాగితం లేదు. మంచితనానికి పోయి వాళ్లు చేసిన పొరపాటు అదే.

వాడ పెద్ద రాజం అర్జీల మీద అర్జీలు పెడితే, చివరికి రోడ్ల ఆఫీసువాళ్లు వీధికి అడ్డంగా రాళ్లూ మొరమూ వేసి రెండు గట్లు కట్టారు. ఆరు నెలలు చూసి, పనికొస్తే ఉంచుతామన్నారు. గట్లు వచ్చాక లారీలు మూలుగుతూ ఎక్కి దిగేవి. సక్కుబాయి లెక్కపెట్టింది. ఇరవై రెండు చుట్లు. మళ్లీ లెక్కపెట్టింది. ఇరవై రెండే. అంత నిదానంగా వచ్చే లారీ, మనిషి అడ్డముంటే ఆగుతుంది. ఆరోజే కత్తెరతో తాడు కోసేసింది. అంబదాస్ ఛాతీ విరుచుకుని నడిచాడు. ఆమె కూడా పొద్దున పూట లేచి వెళ్లి కడుపునిండా నీళ్లు తాగగలిగింది.

ఆరు నెలలు నిండాక రోడ్ల ఆఫీసు ఓవర్సీరు గొడుగుతో, రిజిస్టరుతో వచ్చి కుర్చీ వేయించుకున్నాడు. గట్లు ఎక్కి దిగి లారీల కమాన్ పట్టీలు విరుగుతున్నాయని ఇసుక గుత్తేదారు అప్పటికే ఫిర్యాదు చేసి ఉన్నాడు.

"ఠాణాల దర్యాప్తు చేసిన," అన్నాడు ఓవర్సీరు. "గట్లు కట్టకముందు గీ వాడల యాక్సిడెంట్లు సున్న. కట్టినంక సున్న. ముందుగాల సున్న, ఎన్కసీర సున్న. అంటే తేడా లేదు."

"తేడా లేకపోవుడేంది సారూ?" సక్కుబాయి అరుగు దిగి వచ్చింది. "నా ఇంటాయన చెయ్యి ఇరిగింది!"

"రాసిచ్చిండ్రా?"

"రాసియ్యలే."

"మరి నన్నేం రాయమంటవ్ అవ్వా?"

అప్పుడే పోశం లారీ గట్టు దగ్గర నెమ్మదించింది. సక్కుబాయి ఎదురుపోయి నిలబడింది. "జర దిగు బిడ్డా. చెయ్యి ఎట్ల ఇరిగిందో సారుకు నువ్వే చెప్పు."

పోశం ఓవర్సీరును చూశాడు. స్టీరింగును చూశాడు. "నాకు యాదికి లేదు, పెద్దవ్వా," అన్నాడు.

సక్కుబాయి ఒళ్లు భగ్గుమంది. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే. ఎవరి అన్నం పోకూడదని అంబదాస్ నోరు మూసుకున్నాడో, వాడే ఇప్పుడు నోరు మూసుకున్నాడు. ఆమె గిర్రున తిరిగి అరుగు దగ్గరకు పోయింది. రాట్నం ఎత్తుకొచ్చి ఓవర్సీరు కాళ్ల దగ్గర దబ్బున పెట్టింది.

"గట్టు లేనప్పుడు ఏడు చుట్లు. ఉన్నంక ఇరవై రెండు. నా మాట మీద నమ్మకం లేదా? కూసో. నువ్వే తిప్పు, నువ్వే లెక్కవెట్టు."

ఓవర్సీరు నవ్వాడు. "రాట్నం లెక్క సర్కారు కాగితం మీద ఎక్కదవ్వా. అయినా చెవులు వినపడనోనికి బజార్ల ఏం పని? పడుగు ఇంకోదిక్కు చాపుకోరాదా?"

"గీ వీధి పడుగు కోసమే ఏసిండ్రు. నీ లారీ నిన్నగాక మొన్న అచ్చింది. పాలగిన్నె మీద మూతవెడితే పిల్లి మూతివెట్టలే. పిల్లి రాలే గదా అని మూత తీసేస్తవా?"

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లున నవ్వారు. ఓవర్సీరు మాత్రం రాసుకున్నదే రాసుకుపోయాడు. చెవిటివాని ముందు శంఖం ఊదినట్టని సామెత. ఆ రోజు వీధిలో అసలు చెవిటివాడు అంబదాస్ కాదు.

మూడు వారాలకు కాగితం వచ్చింది. 'తేడా కనపడనందున తొలగించవలెను.' కూలీలు గడ్డపారలతో వచ్చి మధ్యాహ్నానికల్లా రెండు గట్లూ తవ్విపోశారు. సక్కుబాయి అరుగు మీద కూర్చుని ఒక్క కన్నీటిబొట్టు రాల్చకుండా చూసింది. తర్వాత నాలుగు పోగులు తీసి పేనడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున బాట చదును అయిందో లేదో చూడటానికి ఓవర్సీరు వచ్చాడు. వీధి మధ్యలో నడుస్తూ, పడుగు కింద పోతున్న నూలుతాడు చూసి ఆగాడు. "గీ తాడేందవ్వా?" అన్నాడు.

వీధి మొగలో లారీ కనపడింది. సక్కుబాయి కాలితో తాడు గుంజింది. అంబదాస్ కుంచె వదిలేసి పడుగు కింది నుంచి గోడవారకు దూరాడు. ఓవర్సీరు గొడుగు పారేసి అతని వెనకే పడుగు కింద దూరి ఆమె అరుగు ఎక్కాడు. లారీ దుమ్ము లేపుకుంటూ గడప దాటిపోయింది. గొడుగు చక్రాల కింద నలిగింది.

"ఏడు," అంది సక్కుబాయి, రాట్నం ఆపి.

ఓవర్సీరు రొప్పుతూ నిలబడ్డాడు. ఆమె తాడు కట్టిన కాలును అతని ముందుకు చాపింది.

"నిన్నటిదాంక నా ఇంటాయన మనిషి లెక్క నడిచిండు. గియ్యాల మల్ల దూడ లెక్క కట్టేసిన. తేడా లేదంటివి గద సారూ? గిదే తేడా. రాసుకో."

ఓవర్సీరు చంకలోని రిజిస్టరు తెరవలేదు.

లారీ పోయిందా అని గోడవార నుంచి అంబదాస్ వీధంతా వినపడేలా అరిచి అడిగాడు. సక్కుబాయి ఓవర్సీరు మొహంలోకి చూస్తూనే కాలితో తాడును రెండుసార్లు గుంజింది.