కొండ మీద బావను వదిలేసిన పూట

మా అక్క మొగుడు ఉదయగిరి కోటలో దారి తప్పాడని మా బంధువులందరికీ తెలుసు. పెళ్లిళ్లలో ఆయనే ఆ కథ చెప్పి అందర్నీ నవ్విస్తాడు. నిజానికి ఆయన దారి తప్పలేదు. నేనే కావాలని వదిలేశాను. తెలిస్తే బావా బావమరుదుల వేళాకోళం అనుకుంటారేమో గాని అది వేళాకోళం కాదు.

మా పెద్దలు ఆ కోట వాకిలికి కాపలా ఉన్నారని మా నాయన పోయేదాకా చెప్పుకున్నాడు. ఆయన మాట తప్ప వేరే ఆధారం లేదు. ఆయన పెద్దకర్మ నాడు పంక్తిలో కూర్చుని, చారు కలుపుకుంటూ, బావ అన్నాడు: "కోటకు కాపలా కాసిన వంశమంట. సొంత మేకల్నే కాసుకోలేకపోయినాడు గదరా మీ నాయన."

నాయన మేకల మంద దొంగలపాలైన సంగతి మా ఆత్మకూరులో తెలియనివాళ్లు లేరు. పంక్తంతా నవ్వింది. ఎగతాళి చెయ్యడానికి బావకు హక్కుంది, దానికి బావమరిది ఉడుక్కోకూడదు. నాయన ఫోటోకు వేసిన దండ ఇంకా వాడలేదు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకు బదులు తీర్చాలని ఆ విస్తరాకు ముందే అనుకున్నాను.

ఆ తర్వాతి ఎండాకాలంలో ఆయన బెంగళూరు నుంచి వచ్చి, రాజుల కోట చూపించమన్నాడు. బస్సులో బయల్దేరాం. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కేవాళ్ల దగ్గర అక్క కోసం రెండు గరిటెలు బేరమాడాడు. శిథిలమైన గుడిలో స్తంభం స్తంభానికీ ఫోటో తీశాడు. కొండ కింద నీళ్ల సీసాలు కొనబోతుంటే ఆపాను.

"పైన కోనేరు నిండా నీళ్లుండాయి బావా. మోత ఎందుకు?"

ఆ కాలంలో కోనేట్లో ఎండిన బురద తప్ప ఏమీ ఉండదని నాకు తెలుసు. నా సంచిలో మాత్రం సీసా ఉంది.

సగం కొండకే ఆయన చొక్కా తడిసిపోయింది. పైన పాత మసీదు దగ్గరికి చేరేసరికి మాటలు కూడా ఆగిపోయాయి. కోనేరు చూసి నా వంక చూశాడు. ఒంటికి పోయొస్తానని చెప్పి, కూలిన గోడ వెనక్కి వెళ్లి, నీడలో కూర్చుని చల్లగా నీళ్లు తాగాను.

కాసేపటికి పిలవడం మొదలుపెట్టాడు. మొదట ఎగతాళిగా, తర్వాత కోపంగా, ఆ తర్వాత ఎండిన గొంతుతో. ఒక్కో పిలుపుకూ నాకు కడుపు నిండినట్టుండేది. బతిమాలాలి, అప్పుడు బయటికొస్తాను అనుకున్నాను.

ఆయన బతిమాలలేదు. గొంతు కొండ అంచు వైపు జరిగింది. అక్కణ్నుంచి కింద మేకలు కాసేవాళ్లను కేకేస్తున్నాడు. "అయ్యా, మా బామ్మర్ది పడిపోయినాడేమో చూడండయ్యా!"

రాళ్లు జారిన చప్పుడు వినబడింది. పరుగెత్తాను. బావ లోయలోకి తొంగి చూడబోయి, కాలు జారి, మోకాలు మెలిపడి అంచు మీదే కూలబడ్డాడు. నన్ను చూడగానే ఎక్కడికి పోయావని అడగలేదు. నా చేతులూ తలా తడిమి చూశాడు.

"దెబ్బేమన్నా తగిలిందారా?"

సంచిలోంచి సీసా తీసిచ్చాను. సగం ఖాళీ అయిన ఆ సీసాను కాసేపు చూసి, తాగాడు. నా భుజం మీద చెయ్యి వేసుకుని కొండ దిగాడు. ఆత్మకూరు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఇంటికెళ్లాక మా అక్కతో, ఫోటోల పిచ్చిలో దారి తప్పానని, బామ్మర్దే వెతికి తెచ్చాడని చెప్పాడు. నేను కాదనలేదు.

నాయన గురించి ఆయన అన్న మాటను నేనింకా క్షమించలేదు. ఈ రాత అందుకు కాదు. ఆ మోకాలు మళ్లీ సరిగ్గా కుదురుకోలేదు. ఆయన మెట్ల దగ్గర ఆగినప్పుడల్లా, తెలియని కొండ నీకెందుకని మా అక్క తిడుతుంది. ఆయన నవ్వి ఊరుకుంటాడు.

అక్కా, తిట్టాల్సింది నన్ను.