పెండ్లివారింటికి రెండు బండ్ల వంటచెరకు

ఏ దేవుడు ఇంటింటి పొయ్యిలో కాపురముండి, ఎండినదానిని ఆరగించి, పచ్చిదానిని చూచి పొగలు గ్రక్కుచు అలుగుచుండునో, ఆ అగ్నిదేవునికి ముందుగా సాష్టాంగ నమస్కారము. స్వస్తిశ్రీ సర్వధారి నామ సంవత్సర మార్గశిర శుద్ధ పంచమీ భానువారమునాడు, సికింద్రాబాదు రెజిమెంటల్ బజారులో, ఆయన భోజనమునకు కూర్చుండగా నేను వడ్డించిన పదార్థమును ఆయన ఇప్పటికిని క్షమించియుండడు. ఆనాడు ఒక్క మాటతో పెండ్లివారి పొయ్యిని ఆర్పితిని. ఆర్పితిననుటయు తప్పే, వెలిగినదానిని గదా ఆర్పుట! చదువరులారా, నవ్వదలచినవారు ఇప్పుడే సిద్ధపడుడు. నాకు మాత్రము తలచినప్పుడెల్ల ఒళ్ళు మండును. పొయ్యి తప్ప తక్కినవన్నియు మండిన దినమది.

నేను కృష్ణ ఒడ్డున, గురువుగారి వీధియరుగుమీద కావ్యములు వల్లెవేసినవాడను. వివాహమైన పిదప సికింద్రాబాదులోని అత్తవారింట చేరి, తెలుగు చెప్పించుకొనువారికొరకు కన్నులు కాయలు కాయునట్లు ఎదురుచూచితిని. బడులలో ఉర్దూ, కచేరీలలో ఉర్దూ. తెలుగు కూరలు తరుగువేళకు, పిల్లలను తిట్టువేళకు మాత్రమే పనికివచ్చుచుండెను. ఇంతలో రజాకార్ల గడబిడ ముదిరినది. మా బావమరిది మోండా మార్కెటు వెనుకనున్న తన కట్టెల అడితిని నా చేతిలోపెట్టి, ఆలుబిడ్డలతో బెజవాడకు తరలెను. పోవుచు పోవుచు వ్యాపారమర్మమును ఉపదేశించెను: "తెచ్చుడు, కొట్టుడు, కట్టుడు. గంతే బావా." పెద్దకథను కట్టె, కొట్టె, తెచ్చె అని ముగించుట విన్నానుగాని, దానిని తలక్రిందులుగా నడిపి సంసారము సాగింపవచ్చునని నాకు తెలియదు.

తెప్పించితిని, కొట్టించితిని, కట్టించితిని. మొద్దులొక ప్రక్క, పొయ్యి రాజవేయుటకు చిదుగులొక ప్రక్క పేర్పించితిని. అంతయు బాగుగనే యుండెను. కాని ఊరివారు నాకొక పేరు పెట్టిరి: కట్టెల పంతులు! ఆ పేరు వినినవానికి, ఈ బ్రాహ్మణుడు శ్మశానమునుండి వచ్చుచున్నాడా, శ్మశానమునకు పోవుచున్నాడా అను సందేహము తప్ప మరేమి కలుగును? ప్రాణము పోగా మిగులునది కట్టె, దానిని కాల్చునవి కట్టెలు. ఇంతటి అమంగళపు మాటను ఉదయము లేచినది మొదలు నా అంగడి ముందర నిలిచి పాడుదురా! ఆ దినమే శాసనము చేసితిని. ఇకమీదట నా అడితిలో కట్టెలు లేవు, వంటచెరకు కలదు. ఆహా, కాల్చెడి వస్తువునకు ఇంత తీయని పేరు పెట్టుకొన్న జాతి మరియొకటి యున్నదా?

తొలిబేరమునకు కూరగాయలమ్మెడి పోశమ్మ వచ్చినది.

"పంతులూ, మోపెడు కట్టెలియ్యి."

"అమ్మా, కట్టెలనరాదు. వంటచెరకు అనవలెను."

"ఏం చెరుకు?"

"వంటచెరకు."

"ఓయమ్మ! వంటల చెరుకేస్తరా మీ దిక్కు? పప్పుల బెల్లమేస్తరని ఇన్న గని, గిది ఇప్పుడే ఇంటున్న. పొద్దు వోతున్నది, ముందుగాల కట్టెలియ్యి!"

లోపలనుండి మా ఆవిడ అనసూయ పకపక నవ్వినది. ఆమె ఈ ఊరిలోనే పుట్టి పెరిగినది. నా భాషను ఇంటికి వచ్చిన చుట్టమువలె మర్యాదగా చూచునేగాని వాడుకొనదు.

"ఏందండీ, మీరు కట్టెలమ్ముతున్నరా, పాఠం చెప్తున్నరా?"

"రెండును."

"రెండు సుత నడుస్తలేవు. ఊరందరిది ఒక దారి, ఉలిపిచెరుకుది ఒక దారి!"

ఉలిపికట్టెకు కూడ నా శాసనము వర్తించినదని సంతోషించితినేగాని, ఆ సామెత ఎవరికి తగిలినదో విచారింపనైతిని.

పోలీసు చర్య ముగిసి ఊరు కొంత తెరిపినపడినది. అప్పుడొకనాడు మస్తాన్ సాహెబు వచ్చెను. రెజిమెంటల్ బజారులో రేకు పెట్టెలు చేయించి అమ్మువాడు, ఒకరి జోలికి పోనివాడు, మా మామగారి కాలమునుండి ఇంటి మనిషి. కూర్చుండుమన్నను కూర్చుండడు.

"పంతులుగారూ, బిడ్డ షాదీ గడబిడల ఆగిపాయె గద. ఇప్పుడు మల్ల ఖాయం చేసినం. గని పిల్లగాని దిక్కువాళ్లకు భయం పోతలేదు. 'గిసొంటి రోజులల్ల మీ బజార్ల మిమ్మల్ని అడిగేటోడు ఉన్నడా, మీ ఇంటి గడప తొక్కేటోడు ఉన్నడా' అంటున్నరు. నేను జబాన్ ఇచ్చిన. 'మా వాడకట్టు మొత్తం నా పందిట్ల కూసుంటది, మీ కండ్లతోని మీరే చూడుండ్రి' అన్న. మీ వాళ్లకు బాపనాయనతోని వేరే వంట, మా వాళ్లకు బిర్యానీ. రెండు బండ్ల కట్టెలు..."

"హరి హరి! శుభము పలుకుచు నడుమ కట్టెలా! వంటచెరకు అనుడు."

"మీరేదన్న అనుండ్రి పంతులుగారూ, పొయ్యి ఆగొద్దు. పొయ్యి ఆగిందంటె, బజారోళ్లు కావాల్నని చేసిన్రు అనుకుంటరు వాళ్లు. లగ్గం కాకుండనే మర్లిపోతరు. జర ఖయాల్ పెట్టుండ్రి."

నేను గుండెమీద చేయివేసికొని అభయమిచ్చితిని. ఇచ్చినవాడు తిన్నగా ఇంటికి పోయి పరుండినను బాగుండెడిది.

అడితిలో చూతునుగదా, చిదుగులు తప్ప మొద్దులు లేవు. అడవులలో అలజడి, దారులలో పటాలములు. ఎప్పటి బండ్లవారు రాక మానిరి. అంతట మెదకు దారిలో బండ్లు తోలెడి రాజయ్య కనబడెను. గడ్డి, వడ్లు, బెల్లము, మొద్దులు, ఏది దొరికిన అది మోయువాడు. వానిని పిలిచితిని.

"రాజయ్యా, పెండ్లి నిమిత్తము రెండు బండ్ల వంటచెరకు కావలెను."

"పంటచెరుకా?"

"వంటచెరకు."

"గదే గద పంతులూ. ముదిరింది తేవాల్నా, లేతది తేవాల్నా?"

"లేతది ఎవరికి కావలెను? బాగుగా ముదిరినది తెమ్ము."

"గది సై. ముదిరిందైతేనే పసుంటది. కణుపులు?"

"కణుపులు తక్కువగా నుండవలెను. కణుపులున్నదానిని చీల్చుటకు తాతలు దిగివత్తురు."

"నిజమే. లగ్గమన్నంక ముసలోళ్లుంటరు. చీల్చే ఇయ్యాలె."

వృద్ధులైన వంటవారిపై వానికిగల కరుణకు నాకు కన్నులు చెమర్చినవి. పెండ్లినాటి తెల్లవారుజామునకు మస్తాన్ సాహెబు ఇంటి ముందరనే దింపుమని ఆజ్ఞాపించి, విజయుడనై ఇంటికి వచ్చి అనసూయకు చెప్పితిని. ఆమె చేతిలోని చేట క్రిందపెట్టినది.

"గాయిన మెదకాయన, మీ మాట ఆయనకు ఎరుకుండది. ఒక్కపారి కట్టెలని చెప్పి రాపోండ్రి."

"పెండ్లిపనికి ఆ మాట నా నోట రాదు."

"నోట్ల రాకుంటె పొయ్యిలకు సుత రాదు."

చదువరులారా, ఇంతకంటె స్పష్టమైన జోస్యమును ఏ సిద్ధాంతియు చెప్పియుండడు. నేను నవ్వి ఊరకుంటిని. చదువ వేసినచో ఉన్న మతి పోయినదని పెద్దలనిరి. అది పోవునప్పుడు నవ్వుచు పోవునని మాత్రము చెప్పకపోయిరి.

భానువారము ఉదయము స్నానముచేసి, పట్టుపంచె కట్టి, గంధము పూసికొనుచుంటిని. మస్తాన్ సాహెబు ఆయాసపడుచు వచ్చెను.

"పంతులుగారూ, మీ చెరుకొచ్చింది."

"సంతోషము! ఎట్లున్నది?"

"తియ్యగుంది."

"తియ్యగానా! వంటచెరకును రుచిచూచితిరా?"

"నేనేంది, గల్లీ పోరగాండ్లంత చూస్తున్నరు! జల్ది రాండ్రి!"

గంధపుచేతితోనే పరుగెత్తితిని. ఆయన వాకిట రెండు బండ్లనిండ, ఆకులతో సహా, నల్లని నిగనిగలాడు చెరకు! అంత మంచి చెరకును నేను మరల చూడలేదు. చూడవలెనని కోరికయు లేదు. బిర్యానీ వండెడి జానీమియా ఏనుగంత డేగిశా ప్రక్క నిలిచి, గడనొకటి గదవలె భుజముమీద పెట్టుకొనియుండెను.

"రాండ్రి పంతులూ. దీన్ని పొయ్యిల పెట్టాల్నా, నోట్ల పెట్టాల్నా?"

నేను రాజయ్యపై పడితిని.

"ఓరీ, నేను వంటచెరకు అంటినిగదరా!"

"పంటచెరుకే తెచ్చిన. ముదిరింది. కణుపులు సుత తక్కువే. ఇరిచి చూస్కో పంతులూ."

"వ! వ! వకారము!"

"ప సుత గట్లనే ఉంటది, నీ గొంతు జర బొంగురువోయిందనుకున్న."

జానీమియా ఆకాశమువైపు చూచి, "యా అల్లా, అక్షరం తప్పితె అన్నం తప్పె," అనెను. మస్తాన్ సాహెబు మాత్రము నన్నొక్క మాట అనలేదు. స్టేషనువైపు చూచుచు, "పిల్లగాని మేనమామ రైలు దిగే యాళ్లయింది. నేనేం ముఖం పెట్టుకోవాలె?" అని గోడకు చేరగిలబడెను. ఆయన తిట్టియుండిన నాకు కొంత సుఖముగా నుండెడిది.

ఇక ఒకటే దారి. వీధిలోనికి ఉరికి, "వంటచెరకు! ఇంటింటినుండి వంటచెరకు!" అని కేకలు వేసితిని. ఫలమేమి? చెరకు పంచుచున్నారని తలచి ఉన్న పిల్లలు చాలక, పైవీధి పిల్లలు కూడ చేతులు చాచుకొని వచ్చి పడిరి. పిల్లలను త్రోసికొనుచు అనసూయ వచ్చినది.

"ఇంకా గదే మాటా! గా మాటనుండ్రి!"

"ఏ మాట?"

"ఎరుకలేనట్లు అడుగుతున్నరు!"

కన్నులు మూసికొంటిని. గురువుగారిని స్మరించితిని. నడివీధిలో, పట్టుపంచెతో, ఎలుగెత్తి అరచితిని: "కట్టెలు! మస్తాన్ సాహెబు ఇంటికి కట్టెలు! తొందరగా కట్టెలు!"

తలుపులన్నియు ఒక్కమారు తెరచుకొన్నవి. పోశమ్మ గుండెలు బాదుకొనుచు వచ్చెను.

"అయ్యో, ఎవలు వోయిన్రు పంతులూ? లగ్గం పొద్దే గింత పనాయెనా!"

"ఎవరును పోలేదు!"

"పోకుంటె నువ్వెందుకు ఒర్రుతవ్? అయిన సాయబులకు కట్టెలెందుకు, వాళ్లది మన్ను గద?"

"బిర్యానీకమ్మా, బిర్యానీకి!"

ఆమె విన్నదిగాని వీధి వినలేదు. కట్టెల పంతులు కట్టెలని అరచిన పిదప వివరమెవరికి కావలెను? ముసలివారు తడితువాళ్ళు తలపై వేసికొనిరి. ఆడవారు కొంగులు నోటికడ్డము పెట్టుకొనిరి. కమ్మరి మొద్దు తెచ్చెను, కోమటి మంచపుకోడు తెచ్చెను, పోశమ్మ తన పొయ్యిలోని కొరివినే ఆర్పి తెచ్చెను. చంకనొక కట్టె, ముఖమున శోకము. వాడకట్టు మొత్తము మస్తాన్ సాహెబు ఇంటివైపు బారులుతీరి కదలినది. వాకిటికి వచ్చి, కళకళలాడు పందిరిని, బ్రతికియున్న మస్తాన్ సాహెబును చూచి, ఏడ్వవలెనో నవ్వవలెనో తెలియక నిలిచిపోయిరి.

సరిగ్గా అప్పుడే పెండ్లికొడుకు మేనమామ టాంగా దిగెను. బండ్లనిండ చెరకు, వాకిటినిండ కట్టెలు మోయుచున్న జనము. ఆయన కన్నులు పెద్దవి చేసెను.

"ఏంది మస్తాన్ భాయ్ గిది?"

మస్తాన్ సాహెబు నావైపు చూచెను, చెరకువైపు చూచెను, తడితువాళ్ళ ముసలివారివైపు చూచెను. గొంతు సవరించుకొని గంభీరముగా పలికెను:

"మా సికింద్రాబాద్ రివాజ్ మామూజాన్. లగ్గమైతె ఇంటింటికెళ్లి ఒక కట్టె తెచ్చి మన పొయ్యిల పెడ్తరు. పోయేటప్పుడు ఒక్కొక్కరికి ఒక చెరుకుగడ ఇస్తం."

"మరి మొఖాలు గట్లెందుకున్నయి?"

"ఆకలి," అనెను జానీమియా, పొయ్యి రాజవేయుచు.

మేనమామ ఒక్కొక్క కట్టెవైపు, తెచ్చిన ఒక్కొక్క మనిషివైపు చూచెను. పిదప మస్తాన్ సాహెబు భుజముపై చేయివేసి, "నాకు అడగాల్సిందేం లేదు భాయ్," అనెను. అన్నము ఆలస్యమైనమాట నిజమేగాని, ఆ మధ్యాహ్నము పందిటిలో చోటు చాలలేదు.

ఇంతవరకు వచ్చినవారు ఇదేదో నా పుణ్యమని భ్రమపడగలరు. అసలు దెబ్బ వినుడు. ఆ లేనిపోని రివాజు ఊరికి నచ్చినది! మరుసటి లగ్గమునకు, ఆపై లగ్గమునకు, వారిలోను మనలోను, అతిథులు తలకొక కట్టె తెచ్చి తలకొక చెరకుగడ పట్టుకొనిపోసాగిరి. పెండ్లివారెవరును అడితి ముఖము చూడలేదు. రాజయ్య మాత్రము ముహూర్తములు కనుగొని చెరకు బండ్లు తోలుచు, కనబడినప్పుడెల్ల నాకు దండము పెట్టెను. చెరకు తీపియని వేళ్ళతో నమలరాదందురు. నేను పేరుతో నమిలి నా అంగడినే మ్రింగితిని.

కావున అగ్నిసాక్షిగా ప్రతిజ్ఞ చేయుచున్నాను. ఈ జన్మమున పొయ్యిలోనిది పొయ్యి ప్రక్కవారు ఏమందురో అదియే అందును. కట్టెను కట్టె అందును. పప్పులో బెల్లము గురించి ఎవరేమన్నను వాదింపను. వకారముతో మొదలగు మాటను బండ్లవానితో పలుకవలసివచ్చినచో, మా ఆవిడచేత పలికింతును.

విరోధి నామ సంవత్సర చైత్ర శుద్ధ పాడ్యమినాడు అడితి మూసితిని. ఉర్దూ బడులలో తెలుగునకును చోటు దొరకగా, ఆ వైశాఖమున ఒక బడిలో తెలుగు చెప్పుటకు కుదిరితిని.