భిక్షం వ్యానులో గవర్నరుగారు

రెండు వస్తువులు పక్కపక్కన కనిపిస్తే చాలు, వాటిని తీగతో కలపకుండా భిక్షం ఎందుకు ఉండలేకపోయేవాడు? ఇన్నేళ్లు గడిచినా ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు. కొందరికి తిండి యావ, కొందరికి పేకాట యావ. భిక్షానిది తీగ యావ. అందరూ చొక్కా జేబులో పెన్ను పెట్టుకుంటే అతను టెస్టర్ పెట్టుకునేవాడు. నల్ల టేపు చుట్ట కడియంలా ఎప్పుడూ ముంజేతికే ఉండేది. "కలవనిదంటూ లోకంల ఏం లేదు. కలిపేటోడే లేడు" అనేవాడు.

మేడ్చల్‌లో అతని ఇంటి వెనక చిన్న వంకాయ మడి ఉండేది. ఇంటికి కాలింగ్ బెల్ పెట్టిన రోజే దాన్ని బోరు మోటారుకు కలిపాడు. కారణం అడిగితే, రెండు స్విచ్చులూ ఒకే గోడకు ఉన్నాయన్నాడు. ఆనాటి నుంచి ఇంటికి చుట్టం వస్తే వంకాయలకు నీళ్లు పారేవి. దసరాకు చుట్టాలు ఎక్కువై మడి మునిగిపోయింది. "ఈయన నన్ను పెండ్లి జేసుకున్నది ప్రేమతోని గాదు. మా రెండిండ్లు పక్కపక్కనుండె, గందుకే" అనేది అతని భార్య జయమ్మ.

అలాంటి మనిషి చేతిలో ఒక తెల్ల వ్యాను ఉండేది. పొద్దున ఏడుంబావుకు మేడ్చల్‌లో బయలుదేరి, శామీర్‌పేట మీదుగా లాల్‌గడి మలక్‌పేట దాకా పోయేది. ఎనిమిది మంది పట్టే వ్యానులో పది మంది ఎక్కేవారు. ముందు సీట్లో మండలాఫీసు అటెండరు ఎల్లేష్. నడిమి సీట్లో శామీర్‌పేటలో ఆకుకూరలమ్మే ఐలమ్మ, గంప ఒళ్లో పెట్టుకుని. ఆమె పక్కన కిటికీ దగ్గర మనోరమ. మలక్‌పేటలో ఒక చిన్న ప్రైవేటు బడిలో టీచరు. దారి పొడవునా భిక్షం పాత క్యాసెట్ స్టీరియో పాడుతూనే ఉండేది. ఆ పాటల కోసమే బస్సు వదిలి ఈ వ్యాను ఎక్కేవాళ్లూ ఉన్నారు.

మనోరమ పాటలు వినేది కాదు. ఆమెకు గ్రూప్ టూ పరీక్ష ఉంది. వయసు పరిమితి దాటిపోతోంది, ఇదే ఆఖరు అవకాశం. ఇంట్లో ఇద్దరు పిల్లలు, అత్త, పొయ్యి, ఇస్త్రీ. చదువుకోవడానికి మిగిలింది వ్యానులో వెళ్లే ముప్పావు గంట, వచ్చే ముప్పావు గంట. కదిలే బండిలో అక్షరం చూస్తే ఆమెకు కడుపులో తిప్పుతుంది. అందుకని తమ్ముడిచ్చిన అగ్గిపెట్టెంత ఎంపీత్రీ ప్లేయర్‌లో తన నోట్సంతా తానే చదివి రికార్డు చేసుకుంది. వంటింట్లో నిలబడి, ఒక చేత్తో గరిటె తిప్పుతూ. వ్యానెక్కగానే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని వినేది.

పరీక్ష ఇంకా యాభై రోజులుందనగా చెవిలో కురుపు లేచింది. రెండు నెలల దాకా చెవిలో ఏమీ పెట్టవద్దన్నాడు డాక్టరు. ప్లేయర్‌ను చెవికి ఆనించుకుని విందామంటే దానికి సొంత గొంతు లేదు. రెండు రోజులు ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

మూడో రోజు భిక్షం వెనక్కి తిరిగాడు.

"మేడం, మీ డబ్బ, నా స్టీరియో, రెండు ఒక్క బండ్లనే ఉన్నయ్ గద. కలుపుత."

మనోరమ ప్లేయర్‌ను గుప్పిట్లో దాచుకుంది. వంకాయ మడి సంగతి ఆమె విని ఉంది.

"వద్దన్నా. అండ్ల పాటలు లేవు. పాఠాలున్నయ్."

"పాటలైతేంది, పాఠాలైతేంది? కలుస్తదా, కలవదా, గంతే నాకు గావాల్సింది."

పిచ్చివాడితో వాదించి గెలిచినవాళ్లు లేరు. దాన్ని విప్పనని ఒట్టు వేయించుకుని ఇచ్చింది.

మొదట కోఠి నుంచి ఒక ఉత్తుత్తి క్యాసెట్ తెచ్చాడు. అందులో టేపు ఉండదు, తోకలాగా ఒక తీగ ఉంటుంది. తోక కొస ప్లేయర్‌కు గుచ్చి, క్యాసెట్‌ను స్టీరియో నోట్లో పెట్టాలి. పెట్టాడు. అతని స్టీరియో తెలివైనది, టేపు తిరగడం లేదని పసిగట్టింది. "ఈ వైపు అయిపోయింది" అనుకుని రెండో వైపుకు మారింది. అదీ అయిపోయిందనుకుని మొదటి వైపుకు మారింది. మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా టక్కు, టిక్కు, టక్కు, టిక్కు. భిక్షం అగ్గిపుల్ల అడ్డం పెట్టాడు. స్టీరియో ఒక్క క్షణం ఆలోచించి క్యాసెట్‌ను ఉమ్మేసింది. అది పోయి ఎల్లేష్ ముక్కుకు తగిలింది.

"అన్నా, ఇయ్యాల కలెక్టర్ సాబ్ వస్తుండు. గీ ముక్కుతోని ఎట్ల నిలవడాలె?"

"ముక్కుదేముంది తమ్మీ, తగ్గుతది. స్టీరియోకు ఎంత తెలివుందో సూసినవా?"

తరవాత ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ తెచ్చాడు. ప్లేయర్‌కు తగిలిస్తే, అందులో ఉన్నది బండి రేడియోలో వినిపిస్తుంది. దానికి కరెంటు కావాలి. ముందు భాగంలో చేతికి అందిన తీగ నుంచి కరెంటు లాగాడు. అది వైపర్ తీగ. కాబట్టి వైపర్ తిరిగితేనే పాఠం వచ్చేది.

ఏప్రిల్ నెల. ఆకాశంలో మబ్బు ముక్క లేదు. భిక్షం వ్యాను మాత్రం వైపర్లు టపటపలాడించుకుంటూ పోతుంటే దారిలో వడ్లు ఆరబోసుకున్నవాళ్లు ఉలిక్కిపడి పైకి చూసి టార్పాలిన్లు లాగేవారు. "గవర్నరును రాష్ట్రపతి నియమిస్తారు" అని మనోరమ గొంతు వినపడేది, అంతలో ఎక్కడిదో సబ్బు ప్రకటన వచ్చి గవర్నరును తోసేసేది. ఒకరోజు రైల్వే గేటు దగ్గర పక్క కారులోని పెద్దమనిషి తన రేడియోను అరచేత్తో బాదుతూ కనిపించాడు. అతని పాటలో గవర్నరు దూరాడు.

"మీదంతా నాకే వస్తాంది! బంద్ జేయి!" అని అరిచాడతను.

"నీకైతే మంచిగ వస్తాందా?" అని ఆశగా అడిగాడు భిక్షం.

ఇంకా ఇరవై రోజులే ఉన్నాయి. మనోరమకు ఓపిక నశించింది. ముప్పై రోజుల్లో ఆమె విన్నది ఒక గవర్నరు, సగం సబ్బు.

"ఇగ ఇడిసిపెట్టన్నా. నీ సరదాకు నా పరీక్ష పోయేటట్టుంది. నా డబ్బ నాకియ్యి."

భిక్షం అద్దంలోంచి ఆమెను చూశాడు. "ఇంక ఇరవై దినాలున్నయా? మస్తు" అన్నాడు.

ఆ ఆదివారం స్టీరియో మొత్తం విప్పాడు. లోపల క్యాసెట్ పాటను మోసే సన్నటి తీగలు కోసి, వాటికి సోల్డరింగుతో కొత్త తీగ అతికించి, ఆ కొసను ప్లేయర్‌కు గుచ్చాడు. ఇంక ఆ స్టీరియోలో క్యాసెట్ ఎన్నటికీ పాడదు. "పదేండ్ల సంది పాడిన స్టీరియో. గొంతు కోసిండు" అని జయమ్మ వాడకట్టంతా చెప్పింది.

సోమవారం పొద్దున వ్యానంతా మనోరమ గొంతు మోగింది. వెంట ఇంజను కూత కూడా వచ్చింది. బండి వేగం పెరిగితే కూత పెరిగేది. రెండో గేరులో గవర్నరు మాట్లాడేవాడు, నాలుగో గేరులో ఈల వేసేవాడు. అందుకని భిక్షం నాలుగు రోజులు రెండో గేరులోనే నడిపాడు. బర్రెలు వ్యానును దాటిపోయాయి. ఎల్లేష్‌కు ఆఫీసులో వరసగా నాలుగు లేటు మార్కులు పడ్డాయి. విచిత్రం, అతను ఒక్క మాట అనలేదు.

ఐదో రోజు భిక్షానికి అసలు రోగం దొరికింది. స్టీరియోకు ఎర్తు సరిగా లేదు. ఒక తీగ లాగి నడిమి సీటు కింది బోల్టుకు చుట్టాడు. బోల్టు తుప్పు పట్టింది, తీగ నిలవదు. ఎవరైనా దాన్ని తొక్కి పట్టాలి. ఆ చోట ఉన్నది ఐలమ్మ కాలు.

"ఓరి భిక్షం, కరెంటు గొడ్తదారా?"

"కొట్టదవ్వా. చెప్పు ఇడవకుండ గట్టిగ తొక్కు."

ఆమె తొక్కింది. కడిగిన గ్లాసులా గొంతు తేటపడింది. "గవర్నరు పదవీకాలం ఐదేళ్లు." ఆ వెంటనే కుక్కర్ కూత మూడుసార్లు. ఆపైన రికార్డులోంచి మనోరమ అత్త కేక: "మనోరమా! పాలు పొంగుతున్నయ్!"

వ్యానంతా గొల్లున నవ్వింది. మనోరమ కొంగుతో మొహం కప్పుకుంది. మూడు నాలుగు రోజుల్లోనే ఆ చోటు రాగానే పది మందీ ఒక్క గొంతుతో "పాలు పొంగుతున్నయ్!" అని అరవసాగారు. ఐలమ్మ ఆకుకూరలు కొనవచ్చినవాళ్లకు "గవర్నరు నా కాలు కిందనే ఉన్నడు" అని చెప్పుకునేది. పదవీకాలం అడిగితే "ఐదేండ్లు, మూడు కూతలు" అనేది.

అయినా మనోరమకు సిగ్గుగానే ఉంది. పరీక్షకు నాలుగు రోజుల ముందు ఉండబట్టలేక అంది, "అన్నా, నీ పంతం నెగ్గింది గద. పాపం వీళ్లందరికి ఎందుకీ గోస? రేడియోల పాటలు పెట్టు."

భిక్షం వినపడనట్టు నడిపాడు. అప్పుడే కొత్తగా ఎక్కిన ఒకతను, "అవునన్నా, గిదేం బండి? పాటలు పెట్టవా?" అన్నాడు.

ఎల్లేష్ సర్రున వెనక్కి తిరిగాడు. "పాటలు గావాలంటే బస్సెక్కు!"

శామీర్‌పేటలో దిగుతూ ఐలమ్మ మనోరమ చెయ్యి పట్టి కిందికి లాగింది.

"బిడ్డా, నీకు నిజంగనే ఎరుక లేదా?"

"ఏందవ్వా?"

"నీ చెవికి నొప్పి లేసిన రెండో దినమే, సాయంత్రం నువ్వు దిగి పోంగనే భిక్షం మాతోని జెప్పిండు. 'మేడమ్‌ది ఆఖరు పరీక్షంట. అద్దంల చూస్తున్న, కిటికీకెల్లి చూసుకుంట కండ్లు తుడుసుకుంటాంది. పరీక్షయ్యేదాంక బండ్ల పాటలుండకపోవచ్చు, కష్టమనుకునేటోళ్లు ఇప్పుడే చెప్పుండ్రి' అన్నడు. ఎవ్వలం చెప్పలే."

"మరి... కలుస్తదా కలవదా గంతే నాకు గావాలె అన్నడు గద?"

"నీకోసం అంటే నువ్వు ఒప్పుకుంటవా? వద్దన్నా, వద్దన్నా అని సంపుతవ్. పిచ్చోడు అడిగితే ఇస్తవ్. వాని పిచ్చి ఊరందరికి ఎరుకైందే గద, గప్పుడప్పుడు గట్ల పనికొస్తది" అని గంప నెత్తికెత్తుకుని ఐలమ్మ వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం మనోరమ వ్యానెక్కి అద్దంలోకి చూసింది. భిక్షం రోడ్డు చూస్తున్నాడు. అద్దానికీ రేడియో ఏరియల్‌కూ మధ్య అప్పటికే ఒక కొత్త తీగ వేలాడుతోంది. ఎందుకని ఆమె అడగలేదు.

పరీక్ష ఆదివారం. సెంటరు దుండిగల్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో. ఆదివారం భిక్షం వ్యాను తియ్యడు. అయినా ఏడు గంటలకు ఆమె గుమ్మం ముందు హారన్ మోగింది. ముందు సీట్లో ఎల్లేష్. నడిమి సీట్లో, ఆ రోజు బేరం మానుకుని, ఐలమ్మ. గంప లేదు. కాలు మాత్రం దాని చోట అది ఉంది.

"నువ్వెందుకవ్వా?"

"నేను రాకుంటే నీ గవర్నరు ఈల గొడ్తడు బిడ్డా. ఎక్కు, జల్దీ."

దారి పొడవునా పాఠం నడిచింది. ఎల్లేష్ ప్రశ్న అడిగాడు, మనోరమ చెప్పింది, ఒకచోట తడబడితే ఐలమ్మ అందించింది. ఆ చప్పుడు మధ్యనే మనోరమ ఒక వాక్యం కూర్చుకుంటూ ఉంది. దిగాక భిక్షం కళ్లలోకి చూసి చెప్పాలి. "అన్నా, నాకంతా తెలిసింది" అని మొదలుపెట్టాలి. మెత్తగా, ఏడవకుండా.

కాలేజీ గేటు దగ్గర వ్యాను ఆగింది. ఆమె దిగింది. హాల్ టికెట్ చూసుకుంది, కుచ్చిళ్లు సరిచేసుకుంది, గొంతు సవరించుకుని వెనక్కి తిరిగింది.

వ్యాను అప్పటికే కదిలిపోయింది. ప్లేయర్ దానిలోనే ఉంది. గేటు దగ్గర పుస్తకాలు తిరగేస్తున్న వందమంది అభ్యర్థులు తలెత్తి చూస్తుండగా, మలుపు తిరిగేదాకా ఆమె గొంతే రోడ్డంతా మోగుతూ పోయింది: "ఇది తప్పకుండా అడుగుతారు. మళ్లీ ఒకసారి చెబుతున్నాను, జాగ్రత్తగా వినండి..."