మా బావ చెప్పుకోని జబ్బు

మా అక్క భర్తను రాజమండ్రి ఆసుపత్రిలో చేర్చినప్పుడు పగటిపూట తోడుండే పని నాది. గుండెపోటని డాక్టరు గారు మొదటి రోజే చెప్పారు. బావ ఒప్పుకోలేదు.

"గ్యాసోయ్. పెసరట్టు పడలేదు. వీళ్లకి మంచాలు నిండాలి కదా!" అనేవాడు. మాత్రలు దిండు కింద దాచేవాడు.

వార్డు సిస్టరు ఆ మాత్రలు చూసి కూడా కేకలెయ్యలేదు. స్టూలు లాక్కుని కూర్చుని, "గ్యాసే అనుకుందాం బాబాయ్ గారూ. వచ్చినప్పుడు ఎక్కడ పట్టేస్తోంది?" అని అడిగింది. బావ చెయ్యి ఛాతీ మీంచి ఎడమ భుజానికి, అక్కణ్నుంచి దవడ దాకా వెళ్లి ఆగిపోయింది. 

రామచంద్రపురం నుంచి పొలం ఆసామి చూడడానికి వచ్చినప్పుడు నాకు సంగతి అర్థమైంది. బావ ఆయన పొలాన్నే కౌలుకి చేస్తున్నాడు. మా వైపు కౌలు నోటిమాట మీదే నడుస్తుంది. రెండో పంట దాళ్వా కోతలయ్యాక ఆసామి ఎవరికిస్తానంటే పొలం వాళ్లది. ఆయన బత్తాయిలు మంచం మీద పెట్టి, "ఏంటయ్యా, గుండె అంటున్నారు?" అన్నాడు.

"అబ్బే, గ్యాసండి. రేపో ఎల్లుండో పంపేస్తారండి," అంటూ బావ లేచి కూర్చున్నాడు.

ఆసామి సిస్టరు వైపు చూశాడు. "వారి సంగతి వారినే అడగాలండి," అని ఆమె బీపీ చూడసాగింది.

ఆయన వెళ్లాక తెర లాగి మెల్లగా అంది: "ఆయనకి గ్యాసే. మీకూ నాకూ మాత్రం గుండె. సరేనా?"

 బావ మాత్ర కోసం చెయ్యి చాపాడు.

ఇంటికి పంపే రోజు ఆమె చెప్పిన జాగ్రత్తలన్నీ నా డైరీలో రాసుకున్నాను. ఒకటి మాత్రం ఆమె పదేపదే చెప్పింది. "పొలంలో మీ పక్కనుండే వాళ్లు ఒక్కరికైనా తెలియాలి బాబాయ్ గారూ."

"చెప్తానమ్మా," అన్నాడు.

మాత్రలు తప్పకుండా వేసుకున్నాడు. గుండె సంగతి ఎవరికీ చెప్పలేదు, అడిగినవాళ్లతో గ్యాసే అన్నాడు. తాను చెబుతానని అక్క అంటే, "పొలం పోయాక ఏం తింటామే?" అని నోరు మూయించాడు.

కోతల్లో గట్టు మీద కూలబడిపోయాడు. కూలీలు వీపు రుద్దారు, సోడా తాగించారు, నీడన పడుకోబెట్టారు. తేన్పు వస్తే తగ్గిపోతుందని కనిపెట్టుకుని కూర్చున్నారు. బావ తనకుందని చెప్పిన జబ్బుకి వాళ్లకి తెలిసిన వైద్యం అది. ఇది వేరేలా ఉందని ఎవరికో అనుమానం వచ్చి ఆటో పిలిచేసరికి ప్రాణం పోయింది.

తర్వాత నా బీపీ మాత్రల కోసం ఆసుపత్రికి వెళ్తే సిస్టరు గుర్తుపట్టి బావ గురించి అడిగింది. చెప్పాను.

"ఎవరికీ చెప్పలేదాండి?"

"లేదమ్మా."

చేతిలో ఫైలు మూసి, "గ్యాసే అనుకుందాం అన్నది నేనేనండి," అంది. వార్డులోంచి ఎవరో పిలిస్తే వెళ్లింది.