రెండు కాళ్ళూ ఆనే బండి

బుడ్డోడా, నువ్వు పోయావని నాకు తెలిసినప్పుడు నేను ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని నీకోసం తెచ్చిన అన్నం డబ్బా మూత తీస్తున్నాను. గురువారం పొద్దున. మీ నాయిన లోపలినుంచి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "ఇగ మూత పెట్టు" అన్నాడు. అంతే అన్నాడు. నేను పెట్టాను. అన్నం చల్లారిపోతుందని కాబోలు అనుకున్నాను. ఆయన ముఖం చూసేదాకా నాకు అర్థం కాలేదు. చూసినాక కూడా అర్థం కాలేదు.

ఇక ఇది చదివేవాళ్ళకు చెప్తున్నాను. మా వాడితో ఫ్యాక్టరీలో పనిచేసిన పిల్లలు వాడి జ్ఞాపకంగా చిన్న పుస్తకం వేస్తున్నారు. అమ్మా, నువ్వు కూడా రాయాలని కూర్చున్నారు. నేను నాలుగో తరగతి దాకా చదివాను. ఒత్తులు తప్పితే మేం దిద్దుతాంలే అన్నారు. నాకు రాయడానికి ఏదీ వరుసగా తోచడం లేదు. బండి గురించి రాస్తాను. ఎందుకంటే పరామర్శకు వచ్చినవాళ్ళంతా మొదట అడిగింది బండి గురించే.

"యాడ తగిలిందక్కా? లారీయేనా?"

"తగల్లేదు. జరమొచ్చింది."

వాళ్ళు కొట్టంలో ఉన్న ఎర్ర బండి వైపు చూస్తారు. దాని మీద ఒక్క గీత లేదు. మళ్ళీ నా వైపు చూస్తారు. ఏదో దాస్తున్నాననుకుంటారు. వాళ్ళ తప్పు కాదు. మా లక్డారం నుంచి పటాన్‌చెరు పోయే దారిలో, ఆ హైవే మీద, చిన్న వయసులో పోయినవాళ్ళు బండ్ల మీదే పోయారు. నేనూ భయమంతా ఆ రోడ్డు మీదే పెట్టుకున్నాను. చేనుకు ఒక దిక్కే కంచె వేసి రాత్రింబగళ్ళు కాపలా కూర్చున్నట్టయింది, పందులు ఇంకో దిక్కునుంచి వచ్చి పోయాయి. ఇప్పుడు ఎవరిని తిట్టాలో తెలియడం లేదు. బండిని తిట్టబోతే అది ఏమీ చేయలేదు. రోడ్డును తిట్టబోతే అది వాడిని ప్రతిరోజూ ఇంటికి తెచ్చి అప్పజెప్పింది.

ఇంకోటి కూడా నాకు తెగడం లేదు. మూడో నాడు పిట్టకు పెట్టినప్పుడు కాకి చాలాసేపు ముట్టలేదు. వాడికి అప్పుడు ఏం కావాలనిపించిందో, ఏ కోరిక మిగిలిందో నాకు తెలియాలి. అందుకే మొదటినుంచీ గుర్తు చేసుకుంటున్నాను.

మా వాడు పొట్టి. చిన్నప్పుడు బుడ్డోడా అని పిలిచాం, పెరుగుతాడులే అని. వాడు పెరగలేదు, పేరు మిగిలిపోయింది. జిన్నారం అవతల మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని దొరికింది. సైకిల్ మీద రోడ్డుదాకా పోయి, హోటల్ వెనక సైకిల్‌కు తాళమేసి, దొరికిన టెంపోకు వేలాడుతూ పోయేవాడు. ఆలస్యమైతే గేటు దగ్గరే వెనక్కి పంపేవారు. అట్లా తిరిగొచ్చిన రోజు చెప్పులు కూడా విప్పకుండా గడపలో నిలబడి, "అమ్మా, బండి కొంట" అన్నాడు.

ఇంట్లో ఇక రోజూ అదే ముచ్చట. మా ఆయన వ్యవసాయం మనిషి. "ఎడ్లను కొనేటప్పుడు పండ్లు జూస్తం, సుళ్ళు జూస్తం. దీనికేం జూడాలెరా?" అని అడిగాడు. మళ్ళీ తనే, "తక్కువ తాగేది దెచ్చుకో" అన్నాడు. పెట్రోలు సంగతి. మా తమ్ముడు పటాన్‌చెరులో వెల్డింగ్ పని చేస్తాడు. వాడికి పొగ వదిలే ఎత్తు బండి ఉంది. స్టార్ట్ చేస్తే మా బర్రెలు తలుగు తెంపుకునేవి.

"అల్లుడా, బండంటే సప్పుడుండాలె. మొగోడొస్తుండని ఊరంత ఎరుకగావాలె."

"మామా, నీ బండెక్కితే నా కాళ్ళు గాల్ల ఉంటయ్."

"ఎక్కినంక కాళ్ళతోని ఏం పనిరా? నడిసేటోనికి గావాలె కాళ్ళు."

"ఆపేటోనికి గూడ గావాలె మామా."

నేనైతే ఏ బండీ వద్దన్నాను. సైకిలుంది కదరా అన్నాను. నా మాట ఎవరూ పట్టించుకోలేదు. మా వాడు మాత్రం తల ఊపాడు. ఒప్పుకున్నాడనుకున్నాను. వాడు తల ఊపింది వేరే దానికని సెలవు రోజున తెలిసింది.

"అమ్మా, మంచి చీర గట్టుకో. సంగారెడ్డి పోదాం, బండి జూసొద్దాం."

"నేనెందుకురా? మీ మామను తోలుకపో."

"మామ వస్తడు. కని నువ్వే గావాలె."

షోరూం అద్దాల లోపల కాలు పెట్టాలంటేనే నాకు సిగ్గేసింది. చెప్పులు బయట విప్పాను. టై కట్టుకున్నాయన పరుగెత్తుకొచ్చి వేసుకోమన్నాడు. మా వాడు ఒక్కో బండి దగ్గరికి పోయి, "ఎక్కి కూసోమ్మా" అన్నాడు. అందరిలో. నేను కొంగు నడుముకు దోపుకుని ఎక్కాను. ఒక బండి సీటు ఎత్తు, ఎక్కనే రాలేదు. ఒకదాని మీద పక్కకు కూర్చుంటే కాళ్ళు పెట్టుకోవడానికి చోటు లేదు. ఇంకొకటి సీటు వెనక్కి లేచి, నేను వాడి వీపు మీదికి జారాను. వాడు తన టిఫిన్ సంచి నా ఒళ్ళో పెట్టి కూడా చూశాడు. ముందర తాను కూర్చుని, "జెర పక్కకు ఒరుగమ్మా" అనేవాడు. నేను ఒరిగితే ఒంటి కాలి మీద బండిని, నన్ను కలిపి ఆపగలడా అని చూసుకునేవాడు. తర్వాత నన్ను దించి బండిని వెనక్కి నెట్టి చూసేవాడు.

టై కట్టుకున్నాయనకు ఏమీ పాలుపోలేదు. "బండి ఎవరికి బాబూ? నీకా, అమ్మకా?" అన్నాడు.

"నడిపేది నేను సార్. పడకుంట కూసునేది మా అమ్మ."

అక్కడున్నవాళ్ళు నవ్వారు. మా తమ్ముడు తల కొట్టుకున్నాడు. "పెండ్లిసూపులల్ల గూడ గింతసేపు జూడరు గదక్కా!"

చివరికి అన్నిట్లోకి చిన్నది, ఎర్రది నచ్చింది. దాని మీద కూర్చుంటే వాడి రెండు పాదాలూ మడమలతో సహా నేలకు ఆనాయి. "గిది బండా, సైకిలుకు పుట్టిన పిల్లా?" అని మా తమ్ముడు వెక్కిరించాడు. వాడు కోపం తెచ్చుకోలేదు. "రెండు కాళ్ళు భూమికి ఆనాలె మామా. ఆనకపోతే అది మన బండి గాదు, మనమే దాని మనుషులమైతం" అన్నాడు.

నేను అప్పుడు సంబరపడ్డానో, సిగ్గుపడ్డానో చెప్పలేను. బండి వద్దన్న నన్నే తీసుకుపోయి బండెక్కించి చూడడం ఏమిటో నాకు అంతుపట్టలేదు. దారిలో అడిగితే, "నువ్వు బయపడేది నేను నడుపుతనని గాదు, నాకు రాదని. నా యెన్క కూసుంటే ఎరుకైతది" అన్నాడు.

కోసిన చేనులో నేర్చుకున్నాడు. నేను బియ్యం చెరిగే చాట తీసుకుపోయి నేల మీద బోర్లించి, దూరం నుంచి బండి మీద వచ్చి దాని ముందర ఆపాలని పెట్టుకున్నాడు. చాట విరిగిపోయింది. ఇంకోటి ఇచ్చాను. అదీ విరిగింది. మూడోదానికి గీత కూడా పడకుండా ఆపేదాకా రోడ్డెక్కలేదు. పడ్డప్పుడల్లా మోచేతులు దులుపుకుంటూ, "పడితేనే దాని బరువు తెలుస్తది" అనేవాడు. తలకు టోపీ కొన్నాడు, ఆ గట్టి టోపీ. ఊళ్ళో అప్పుడు ఎవరూ పెట్టుకునేవారు కాదు. "ఏందిరా, బోనమెత్తుకున్నవా?" అని ఆడవాళ్ళు నవ్వితే, "అవును పెద్దమ్మా, తొవ్వియ్యి" అని పోయేవాడు.

దసరాకు మా ఆయన బండిని కడిగాడు. ఎడ్లను కడిగినట్టే పీచుతో తోమి, పసుపు పెట్టి, కొమ్ములకు రాసినట్టు రెండు పిడులకూ నూనె బాగా పట్టించాడు. వాడు పట్టుకునేసరికి చేతులు జర్రున జారాయి. "నాయినా! ఇవి కొమ్ములు గావు, నేను పట్టుకునేటియి!" మా ఆయన ముఖం చిన్నబోయింది. వాడు వెంటనే, "సరే తీ, ఎద్దు మంచిగ మెరుస్తుంది" అన్నాడు. ఆ సాయంత్రం ఇద్దరూ కూర్చుని బూడిదతో ఆ నూనె వదిలించారు.

వారం సెలవు రోజు నన్ను బెండకాయల గంపతో పటాన్‌చెరు మార్కెట్టుకు తీసుకుపోయేవాడు. కిక్కు కొట్టేముందు వెనక్కి తిరిగి ఒకే మాట అడిగేవాడు, "తిన్నవా?" లేదంటే బండి కదలదు. ఎండ ఎక్కనీ, బేరం పోనీ, నేను లోపలికి పోయి రెండు ముద్దలైనా తిని రావాలి. వాడు కూడా అంతే. "ఖాలీ కడుపుతోని బండెక్కొద్దమ్మా. చేతులు వణుకుతయ్, మతి ఉండది" అనేవాడు. ఫ్యాక్టరీ పిల్లలకు తోవలో బండి ఆపినా మొదట తిన్నావా అనే అడిగేవాడట. లేదన్నవాళ్ళను హోటల్ దగ్గర దింపి, ఇడ్లీ తిన్నాకే ఎక్కించుకునేవాడట. ఇది మీరే నాకు చెప్పారు, పిల్లలూ.

వాడు పోయే ముందు అన్నం మానేశాడు. మామూలు జ్వరమే అనుకున్నాం. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చింది. పట్నం ఆసుపత్రిలో చేర్చాం. డాక్టర్లు ఏదో పేరు చెప్పారు, నాకు నోరు తిరగలేదు. నేను ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే వాడు తల తిప్పుకుని నన్ను అడిగేవాడు, "నువ్వు తిన్నవా?" తిన్నానని చెప్పేదాన్ని. నమ్మేవాడు కాదు.

మూడో నాడు మా పొలం గట్టున పిట్టకు పెట్టాం. తెలియనివాళ్ళకు చెప్తాను. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెట్టి దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముట్టిందంటే వాళ్ళు తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే ఏదో కోరిక ఉన్నట్టు. అప్పుడు ఇంటివాళ్ళు ఒక్కొక్కరే ముందుకొచ్చి మాట ఇస్తారు.

కాకులు వచ్చి తుమ్మ చెట్టు మీద కూర్చున్నాయి. కిందికి దిగలేదు. మటన్ కూర, సర్వపిండి, అన్నీ వాడికి ఇష్టమైనవే. పొద్దెక్కింది. మా ఆయన తుండు గుడ్డ చేతిలో పట్టుకుని ముందుకు పోయాడు. "బిడ్డా, నువ్వు వద్దన్నవు గద, ఇగ బీడీ ముట్ట" అని జేబులోని కట్ట తీసి గట్టు అవతలికి విసిరేశాడు. కాకి రాలేదు. మా తమ్ముడు పోయాడు. "అల్లుడా, ఇగ నేను గూడ టోపీ పెట్టుకుంట. మీ అమ్మ మీద ఒట్టు." రాలేదు. అప్పుడు వాడికి ఏం తోచిందో, "బండక్కా, బండి! వానికి బండి మీదనే పానం!" అని ఇంటికి ఉరికాడు. ఎర్ర బండిని గట్టుమీదికి తెచ్చి, విస్తరి పక్కనే నిలబెట్టి కిక్కు కొట్టాడు. ఆ చప్పుడుకు కాకులన్నీ లేచి కరెంటు స్తంభాలదాకా పోయాయి.

"సప్పుడు బంజెయ్యిరా!" అని మా ఆయన అరిచాడు. ఏడుస్తూనే అరిచాడు. మా తమ్ముడు బండి ఆపి, తల వంచుకుని, దాన్ని నెట్టుకుంటూ దూరం పోయాడు.

నేను అక్కడే కూర్చున్నాను. ఆసుపత్రి మెట్ల మీద మూత పెట్టిన డబ్బా గుర్తొచ్చింది. అప్పటినుంచి నేను నీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. విస్తరి ఎదురుగా ఉంది. దాని ముందుకు పోయి ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాను.

"ఏమాయెనే నీకు!" అని మా అత్తమ్మ గట్టు మీదినుంచి కేకవేసింది. "పిట్ట ముట్టకముందు మనిషి తింటదా?"

"వాడు అడుగుతుండు అత్తమ్మా. తిన్నవా అని అడుగుతుండు."

నీళ్ళు తాగి దించాను. ఇంకో ముద్ద తిన్నాను. తర్వాత లేచి అందరి దగ్గరికి వచ్చి నిలబడ్డాను. ఒక కాకి వచ్చింది. గట్టు మీద నడుచుకుంటూ వచ్చి, నేను ముద్ద తీసిన చోటే ముక్కు పెట్టింది.

నేను తిన్నందుకు వచ్చిందో, బండిని దూరం తీసుకుపోయినందుకు వచ్చిందో నాకు తెలియదు. మా అత్తమ్మ ఒకటంటుంది, మా తమ్ముడు ఒకటంటాడు. మా ఆయన ఇప్పుడు బీడీ తాగడు. మా తమ్ముడు తన పొగ వదిలే బండి మీద బోనమెత్తుకున్నట్టు టోపీతో వస్తున్నాడు, ఎవరూ నవ్వడం లేదు.

ఎర్ర బండి కొట్టంలోనే ఉంది, ఎడ్ల పక్కన. మా ఆయన ఒకరోజు అమ్మేద్దామంటాడు, మర్నాడు కడుగుతాడు. పిడులకు నూనె మాత్రం రాయడు. సాయంత్రం గడ్డి వేయడానికి పోయినప్పుడు నేను కొంగు దోపుకుని వెనక సీటు మీద పక్కకు కూర్చుంటాను. నా కాళ్ళు కమ్మీ మీద సరిగ్గా ఆనుతాయి. ఒళ్ళో సంచికి కూడా చోటుంది. ముందర సీటు ఖాళీగా ఉంటుంది. అట్లా కూర్చుంటే వాడు ఇప్పుడే వెనక్కి తిరిగి అడుగుతాడనిపిస్తుంది. నేను తినే పోయి కూర్చుంటాను.

వాడితో పనిచేసిన మీరంతా ఇంకా ఆ రోడ్డు మీద డ్యూటీకి పోతున్నారు. నాకు ఎక్కువ చెప్పడం రాదు. బిడ్డలారా, బండెక్కే ముందు కడుపునిండా తినండి.