ఎదురెండకు పెట్టిన డబ్బా

ఐదో క్లాసు నేను రెండేళ్ళు చదివాను. రెండో ఏడు చివర మా పంతులుగారు మా నాన్నను బడికి పిలిపించి, "వీణ్ణి చీకట్లో కూర్చోబెట్టే పనేదన్నా ఉంటే చూడండి, వెలుతురులో వీడివల్ల ఉపయోగం కనపడటం లేదు" అన్నారట. మా నాన్న ఆ మాట పట్టుకుని నన్ను నరసరావుపేటలో ఒక ఫోటో స్టూడియో డార్కురూములో పడేశాడు. నలభై ఏళ్ళకు పైగా ఆ వృత్తిలోనే బతికాను కాబట్టి పంతులుగారి అంచనా తప్పని అనలేను.

1943 ఎండాకాలంలో నన్ను వెల్దుర్తి పంపారు. అప్పటి స్టూడియోల్లో వరసలుండేవి. అడుగున ప్లేట్లు, అంటే ఫిల్ము బదులు వాడే గాజుపలకలు, కడిగేవాడు, అది నేను, వాడిమీద రీటచరు, అంటే సన్నపెన్సిలుతో నెగటివు మీద మచ్చలు దిద్దేవాడు, వాళ్ళందరిమీదా కెమెరా పట్టేవాడు. మా ఓనరు సుబ్బారాయుడు గారే కెమెరా పట్టేవారు. ఆ వారం ఆయనకు జ్వరం తగిలింది. రీటచరుకు బండి ప్రయాణం పడదు. అలా కెమెరా మొదటిసారి నా భుజానికెక్కింది. పని వెల్దుర్తిలో చెంచయ్య గారనే రైతు షష్టిపూర్తి. ఇరవైమూడు మంది కుటుంబానికి ఒక గ్రూపు ఫోటో.

ఇక్కడ డబ్బా సంగతి చెప్పాలి. ఇంగ్లీషులో లెన్స్ హుడ్ అనే దాన్ని మేము డబ్బా అనేవాళ్ళం. దళసరి అట్టను గొట్టంగా చుట్టి, లోపల మసిపూసి, లెన్సు మూతికి తొడిగేవాళ్ళం. ఇప్పటి లెన్సులకు పైన పూత ఉంటుంది, అప్పటివాటికి అది లేదు. ఎదురుగా ఎండ ఉంటే లోపల వెలుతురు చెదిరిపోయి బొమ్మంతా మజ్జిగలో ముంచి తీసినట్టు వచ్చేది. అందుకని ఓనరుగారు డబ్బా లేకుండా గడపదాటేవారు కాదు. లెన్సుకు ఘోషా ఎందుకండీ, అది ఏ నవాబు ఇంటి ఆడపిల్ల అని నేను ఎగతాళి చేసేవాణ్ణి. ఆయన నవ్వేవారు కాదు. మా స్టూడియోలో డబ్బాలు రెండుండేవి. పొడుగుది ఒక్క మనిషిని తీసే లెన్సుకు, పొట్టిది గుంపును తీసే వెడల్పు లెన్సుకు. పెట్టె సర్దుకునేటప్పుడు నేను పొడుగుదాన్నే పెట్టుకున్నాను. ఇంటి పంచ ఎంత పొడుగుంటే అంత నీడ గదా అనుకున్నాను.

మాచర్ల దాకా రైలు, అక్కణ్ణుంచి ఎద్దుబండి. ఆ రైలు కిటికీలో కూర్చుని, ఒళ్ళో కెమెరా పెట్టె పెట్టుకుని, స్టేషను స్టేషనుకూ ఎవరన్నా "అదేందబ్బాయ్?" అని అడుగుతారేమోనని ఎదురుచూస్తూ వెళ్ళిన ఆ ఒక్క పూట కోసం ఇప్పటికీ మనసు లాగుతుంది. ఎవరూ అడగలేదు. కారంపూడి దగ్గర ఒకాయన మాత్రం ఆర్మనీ పెట్టె అనుకుని ఒక కీర్తన పాడమన్నాడు.

చెంచయ్య గారి ఇంట్లో నాకు మజ్జిగ తెచ్చిచ్చింది ఆయన చెల్లెలు అచ్చమ్మ గారు. పదహారో ఏట భర్తపోయి పుట్టింటికి వచ్చి, అన్న పిల్లల్నీ వాళ్ళ పిల్లల్నీ పెంచిన మనిషి. అప్పటికి యాభై దాటి ఉంటాయి. నేను గ్లాసు ఖాళీ చేసిందాకా నిలబడి, చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని అడిగింది.

"నాయనా, ఇందులో అందరి మొహాలూ పడతయ్యా?"

"ఇరవైమూడూ పడతయ్యి పెద్దమ్మా. బాకీ ఉంచను."

"నా మొహం నేను చూసుకుని నలభై ఏళ్ళయింది. బొట్టు పెట్టుకునే పనిలేనిదానికి అద్దమెందుకని ఎవరూ ఇయ్యలా, నేనూ అడగలా. బావిలో చూద్దామంటే ఎవరో ఒకరు చేద వేస్తారు." ఖాళీ గ్లాసు అందుకుంది. "అచ్చం మీ అమ్మే అంటారు అందరూ. అమ్మ ఎట్టుండేదో నాకే మరుపొచ్చింది. నన్ను చూసుకుంటే ఆమెను చూసినట్టుంటదని."

నేను పెద్ద కెమెరామన్నులాగా తల ఊపాను.

పూజా భోజనాలూ అయ్యేసరికి సాయంత్రం నాలుగయింది. దంపతులు తూర్పుముఖంగానే కూర్చోవాలన్నాడు పురోహితుడు. ఫోటోకు పడమర తిరగండయ్యా, ఎండ మీ మొహాన పడితే బాగుంటుందని నేనంటే, షష్టిపూర్తి పీటలమీద పడమర తిరిగేదేందని చెంచయ్య గారు కోప్పడ్డారు. అంటే సూర్యుడు వాళ్ళ వీపు వెనక, నా లెన్సుకు సరిగ్గా ఎదురు. దానికితోడు వాకిలంతా నాపరాళ్ళు, గోడలకు కొత్తసున్నం. డబ్బా తొడిగాను. వాకిలి ఇరుకు కాబట్టి వెడల్పు లెన్సు పెట్టాను. వెడల్పు లెన్సుకు పొడుగు డబ్బా.

నల్లగుడ్డ కప్పుకుని కెమెరా వెనక గరుకుగాజులో చూశాను. తలకిందులుగా, అరచేతికి కాస్త పెద్దదిగా, చెంచయ్య గారి వంశమంతా వేలాడుతూ కనపడింది. అంత అందమైన దృశ్యం ఆ తర్వాత ఎన్ని ఖరీదైన కెమెరాల్లోనూ నాకు కనపడలేదు. మూలలు కాస్త మసకగా ఉన్నాయి. సాయంత్రం నీడ అనుకున్నాను. అచ్చమ్మ గారు, ఎవరూ చెప్పకుండానే, వెనక వరసలో ఆ చివర స్తంభం పక్కన నిలబడి ఉంది. పక్కనున్న కోడలి తల అడ్డమొస్తోందని, "పెద్దమ్మా, ఇంకొంచెం ఆ పక్కకి" అన్నాను. ఇంకొంచెం జరిగింది.

ముందువరసా వెనకవరసా రెండూ తేటగా రావాలంటే లెన్సు కన్నం సన్నం చెయ్యాలి. దాన్ని స్టాపు తగ్గించటం అంటాం. తగ్గిస్తే గాజుమీద చీకటి పడుతుంది, ఏమీ సరిగా కనపడదు. అందుకని నేను మళ్ళీ చూడలేదు. యుద్ధంవల్ల ప్లేట్లు దొరకని రోజులు, ఓనరుగారు నాకిచ్చినవి రెండే. మొదటిదానికి ఒక పిల్ల తుమ్మింది. రెండోదానికి అందరూ బొమ్మల్లా నిలబడ్డారు.

డార్కురూములో ప్లేటు కడుగుతుంటే చెంచయ్య గారి మీసం వెంట్రుక వెంట్రుకా తేలింది. మజ్జిగ ముంపు లేదు. నేను ఈల వేశాను. ఆ తర్వాత మూలలు చూశాను. నాలుగు మూలలూ కత్తిరించినట్టు గుండ్రంగా ఖాళీ. మూడు మూలల్లో గోడా రాళ్ళూ పోయాయి. నాలుగోదాంట్లో అచ్చమ్మ గారి తల పోయింది. తెల్లచీర కొంగు, కోడలి భుజంమీద ఆమె చెయ్యి, అంతే మిగిలింది. మొదటి ప్లేటూ అంతే.

ఓనరుగారు దాన్ని దీపానికి పట్టి చూసి, తిట్టకుండా కెమెరా దగ్గరికి తీసుకెళ్ళారు. గరుకుగాజుకు నాలుగు మూలలూ చిన్నగా కోసి ఉంటాయి. అవి ఎందుకో నాకు అప్పటిదాకా తెలియదు. స్టాపు తగ్గించాక ఆ సందులో కన్నుపెట్టి లెన్సువైపు చూస్తే కన్నం నిండుగా, గుండ్రంగా కనపడాలి. కోసిన నిమ్మబద్దలా కనపడిందంటే డబ్బా అడ్డమొస్తున్నట్టు. కన్నం పెద్దదిగా ఉన్నప్పుడు డబ్బా చేసే చెరుపు ఉత్త మసకలా ఉంటుంది, సన్నం చేసినప్పుడు కత్తివేటు అవుతుంది.

ప్రింటు నేనే తీసుకెళ్ళాను. చెంచయ్య గారు తనని తాను చూసుకుని మురిసిపోయారు. ఫోటో చేతులు మారి మారి చివరకు అచ్చమ్మ గారి దగ్గరికొచ్చింది. ఆమె వేలు ఒక్కో మొహంమీదుగా జరుపుకుంటూ వరస చివరిదాకా వెళ్ళింది. మళ్ళీ మొదటికొచ్చింది.

"నేను యాడుండా నాయనా?"

"డబ్బా అడ్డమొచ్చింది పెద్దమ్మా" అన్నాను. చెయ్యి ఆమెదేనని చూపించాను. తన చేతిని ఫోటో పక్కన పెట్టి పోల్చుకుంది. "చెయ్యి నాకు తెలిసిందేగా" అంది. మళ్ళీ వచ్చి ఒక్కదాన్నే తీస్తానని మాటిచ్చాను.

మాటివ్వటం తేలిక, ప్లేటు దొరకటం కష్టం. ఉన్న నాలుగూ పెళ్ళిళ్ళకని ఓనరుగారు తాళంవేసి పెట్టేవారు. యుద్ధమయ్యాక కూడా కొన్నాళ్ళు అదే కరువు. 1946లో నా సొంతానికి ఒకటి సంపాదించి వెల్దుర్తి వెళ్ళాను. వసారాలో నీడపట్టున పీట వేసి కూర్చోబెట్టాను. ఎదురెండ లేదు, అయినా పొట్టి డబ్బా తొడిగి, స్టాపు తగ్గించి, నాలుగు సందుల్లోనూ చూశాను. కన్నం పున్నమి చంద్రుడిలా ఉంది. ఆమె మాత్రం కెమెరాకు జానెడు పక్కకి చూస్తోంది. ఇటు చూడమన్నాను. ఇంకో పక్కకి చూసింది. అప్పుడర్థమైంది. రెండు కళ్ళలోనూ పొర కమ్మింది. ఫోటో మానేస్తాడేమోనని నాకు చెప్పలేదట.

డబ్బా వాడాలా వద్దా అని కుర్రకారు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. వాడాలి. పూతలున్న లెన్సులకైనా సరే, ఎదురెండలో తప్పదు. అయితే ఏ లెన్సుకు ఆ డబ్బానే తొడగాలి. తొడిగాక స్టాపు తగ్గించి మూలలు చూసుకోవాలి. నడుమ కూర్చునేవాళ్ళు ఎట్లాగూ పడతారు. మూలకు నిలబడేవాళ్ళ కోసమే ఆ చూసుకోవటం. వెల్దుర్తి పనివల్ల నేను నేర్చుకున్నది ఇంతే, ఇందులో ఎక్కువతక్కువలు లేవు.

రెండో ప్రింటు పట్టుకెళ్ళిన రోజు ఆమె వసారాలోనే ఉంది. రెండు చేతులా పట్టుకుని, బొటనవేలితో తడిమి, నున్నగా ఉందే అంది. తర్వాత నావైపు తిప్పి పట్టుకుంది.

"చెప్పు. ఎట్టుండా?"

"మీ అన్నగారికంటే పదిహేనేళ్ళు చిన్నదానిలా ఉన్నారు పెద్దమ్మా."

"అది కాదు."

"గద్వాల మహారాణి ఈ ఫోటో చూస్తే అసూయపడుద్ది."

ఆమె ఫోటో ఇంకాస్త ఎత్తి, నా మొహం ఉంటుందనుకున్న చోట పెట్టింది.

"ఆనాడు డబ్బా అడ్డమన్నావు. ఇవాళ ఏం అడ్డమొచ్చింది నాయనా? సరిగ్గా చూసి చెప్పు."